స్విమ్మింగ్ పూల్‌లో నీళ్ళు తిరిగే దారి: స్కిమ్మర్లు, మెయిన్ డ్రెయిన్లు

(నెల్లూరులో అపార్ట్‌మెంట్ సంఘాల సభ్యులు, స్కూళ్ళ, రిసార్టుల పూల్ ఆపరేటర్ల కోసం జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం. చివర్లో కొన్ని ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. కావలి నుంచి, ఒంగోలు నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారని చెప్పారు, సంతోషం. నన్ను క్లోరిన్ గురించి మాట్లాడమని పిలిచారు. క్లోరిన్ సంగతి మీకు మందు అమ్మే షాపువాళ్ళు నాకన్నా ఎక్కువే చెప్పి ఉంటారు. నేను దానికి ఒక మెట్టు ముందున్న విషయం తీసుకుంటాను. మీరు వేసిన మందు మూలమూలకూ చేరాలంటే నీళ్ళు కదలాలి. కదలని చోటికి మందు వెళ్ళదు. మందు వెళ్ళని చోట పాచి మొదలవుతుంది. అక్కడ మొదలైన పాచిని చూసి మనం ఇంకో డబ్బా మందు కొంటాం, అది కూడా కదిలే నీళ్ళలోనే తిరుగుతుంది గానీ ఆ మూలకు మాత్రం పోదు. పూల్ పచ్చబడిందని నన్ను పిలిచిన చాలా చోట్ల మందు తక్కువ కాలేదు. నీళ్ళు తిరగడం లేదు.

మనది చెరువుల జిల్లా కాబట్టి మీకు ఇది చెప్పడం సులువు. చెరువుకు కలుజు ఉంటుంది, తూము ఉంటుంది. కలుజు మీద నుంచి పారేది పై నీళ్ళు, తేలే చెత్తా చెదారం ముందు అటే కొట్టుకుపోతుంది. తూము అడుగు నీళ్ళు లాగుతుంది. పూల్‌లో గోడకున్న స్కిమ్మర్‌ది కలుజు పని, అడుగున జాలీ మూత ఉన్న మెయిన్ డ్రెయిన్‌ది తూము పని. తేడా ఏమిటంటే, చెరువు నీళ్ళు పొలానికో కాలవకో పోతాయి, పూల్ నీళ్ళు ఎక్కడికీ పోవు. రెండు దారుల్లో వచ్చిన నీళ్ళూ పంపు దగ్గర కలిసి, ఫిల్టర్ గుండా వెళ్ళి, గోడల్లో ఉన్న ఇన్‌లెట్ల నుంచి మళ్ళీ పూల్‌లోకే వస్తాయి. అడుగున జాలీ కనపడగానే అది మురుగు కాలవకు పోతుందనుకుని, దాని మీదకి చీపురుతో చెత్త తోసే కుర్రాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ చెత్త నేరుగా మీ పంపులోకి వస్తుంది, అది వాళ్ళకు ఒకసారి పంపు మూత తీసి చూపించండి.

ముందు స్కిమ్మర్ సంగతి. గోడలో నీటి మట్టం దగ్గర చదరపు నోరు, లోపల ఒక బుట్ట, బుట్ట కింద నుంచి పంపుకు పోయే పైపు. నోటి దగ్గర ఊగే రెక్క ఒకటి ఉంటుంది, ఆపరేటర్లు ఫ్లాప్ అంటారు. చాలా పూల్స్‌లో అది విరిగిపోయి ఉంటుంది, లేదంటే 'అడ్డం వస్తోంది సార్' అని పీకి పక్కన పెట్టి ఉంటారు. స్కిమ్మర్‌లో అసలు పని చేసేది ఆ రెక్కే. అది తేలుతూ ఉంటుంది, పంపు లాగినప్పుడు కొద్దిగా లోపలికి వంగుతుంది, దాని అంచు మీదుగా పల్చటి పొరలా పై నీళ్ళు మాత్రమే లోపలికి జారతాయి. పూల్‌లోకి వచ్చే మురికిలో ఎక్కువ భాగం ముందు ఉండేది ఆ పై పొరలోనే. ఆకులు, దుమ్ము, పురుగులు, సన్‌స్క్రీన్, అన్నిటికంటే ముఖ్యంగా మన తలల్లోని కొబ్బరి నూనె. స్నానం చేసి దిగమని బోర్డు పెడతాం, ఎవరు చదువుతారు?

పంపు ఆగినప్పుడు ఆ రెక్క పైకి లేచి నోరు మూసేస్తుంది. లోపలికి వచ్చిన చెత్త మళ్ళీ పూల్‌లోకి పోకుండా ఆపుతుంది. రెక్క లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ బుట్టలో ఉన్న తేలే చెత్త తిరిగి పూల్‌లోకి వస్తుంది.

ఆ రెక్క విలువ ఎంతో అంకెల్లో చూద్దాం. ఒక మామూలు అపార్ట్‌మెంట్ పూల్ తీసుకోండి. 12 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, సగటు లోతు 1.2 మీటర్లు. అంటే 86,400 లీటర్లు. 6 గంటల్లో పూల్‌లో ఉన్నంత నీరు ఫిల్టర్ గుండా పోవాలంటే నిమిషానికి 240 లీటర్లు తోడాలి. ఇందులో మూడు వంతులు, అంటే 180 లీటర్లు, రెండు స్కిమ్మర్లకు వదిలామనుకుందాం. ఒక్కోదానికి 90. మిగిలిన 60 లీటర్లు అడుగు నుంచి.

రెక్క బాగా పనిచేస్తోంది, పై 2 సెంటీమీటర్ల పొర మాత్రమే లోపలికి పోతోంది అనుకుంటే, 20 సెంటీమీటర్ల వెడల్పున్న నోటి దగ్గర నీళ్ళు సెకనుకు 37 సెంటీమీటర్ల వేగంతో పోతాయి. ఒక మీటరు దూరంలో కూడా ఆ పై పొర సెకనుకు 2 సెంటీమీటర్లకు పైనే కదులుతుంది, నిమిషానికి దాదాపు మీటరున్నర. ఎండుటాకు అంత దూరం నుంచి నడిచి వచ్చేస్తుంది. ఇప్పుడు రెక్క పీకేయండి, లేదా నీళ్ళు ఎక్కువై రెక్క మునిగిపోయిందనుకోండి. అవే 90 లీటర్లు పై నుంచీ కింద నుంచీ అన్ని వైపుల నుంచీ వస్తాయి. మీటరు దూరంలో వేగం సెకనుకు అర మిల్లీమీటరుకు పడిపోతుంది. పంపు అదే, కరెంటు బిల్లు అదే, పై పొర మీద లాగుడు మాత్రం యాభయ్యో వంతు. ఇది కాగితం లెక్కే. నిజం పూల్‌లో గాలి, ఈదేవాళ్ళు, ఇన్‌లెట్ల తోపుడు అన్నీ కలుస్తాయి. కానీ తేడా ఎంత పెద్దదో తెలియడానికి ఈ లెక్క చాలు. ఆ రెక్క కోసం బడ్జెట్ మీటింగ్ పెట్టే సంఘాలు నాకు తెలుసు, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

ఇప్పుడు మెయిన్ డ్రెయిన్. పోనీ మొత్తం 60 లీటర్లూ ఒకే జాలీ లాగుతోందనుకుందాం. జాలీకి ఒక అడుగు దూరంలో నీటి వేగం సెకనుకు 2 మిల్లీమీటర్ల లోపే. ఒక మీటరు దూరంలో నిమిషానికి ఒక సెంటీమీటరు. నిమిషానికి, సెకనుకు కాదు. అందుకే మెయిన్ డ్రెయిన్ అడుగున ఉన్న ఇసుకనీ మట్టినీ లాగేస్తుందని ఆశ పెట్టుకోకండి. దానికి బ్రష్ కొట్టాలి, వాక్యూమ్ పెట్టాలి.

అలాగైతే మెయిన్ డ్రెయిన్ ఎందుకు? అడుగున చల్లగా, కదలకుండా కూర్చునే నీళ్ళని కొంచెం కొంచెంగా తీసేస్తుంటే వాటి చోటుకి పై నుంచి మందు కలిసిన నీళ్ళు దిగుతాయి. మన ఎండలకు ఇది చాలా అవసరం. మే నెల మధ్యాహ్నం పూల్‌లో దిగి చూడండి, నడుము దాకా వేడిగా, పాదాల దగ్గర చల్లగా ఉంటుంది. అంటే నీళ్ళు రెండు పొరలుగా విడిపోయాయన్నమాట. పై పొర నుంచే తీసి పై పొరకే తిరిగి ఇస్తే కింది పొర రోజంతా అలాగే ఉండిపోతుంది. లోతైన వైపు నేల మీద పాచి జారుడు ముందుగా తగిలేది అందుకే.

ఇంతకీ నీళ్ళని కదిలించేది ఎవరు? స్కిమ్మరూ కాదు, మెయిన్ డ్రెయినూ కాదు. అవి ఏ మట్టం నుంచి నీళ్ళు తీయాలో నిర్ణయిస్తాయి, అంతే. పూల్ మొత్తాన్ని తిప్పేవి ఇన్‌లెట్లు. రెక్క మీదుగా జారే పల్చటి పై పొరను వదిలేస్తే, పీల్చే బలం మూరెడు దూరంలోనే చచ్చిపోతుంది, ఇందాకటి లెక్కలో చూశాం. తోసే ధార మాత్రం రెండు మూడు మీటర్ల దాకా పోతుంది, చెయ్యి పెడితే తెలుస్తుంది. ఇన్‌లెట్ లోపల గుండ్రటి గోళీ లాంటి ముక్క ఉంటుంది, దాన్ని ఏ వైపుకైనా తిప్పుకోవచ్చు. ఎన్నో పూల్స్‌లో కట్టినప్పుడు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే, నేరుగా ఎదురు గోడకు చూస్తూ ఉంటుంది. కొన్ని చోట్ల రెండు ఇన్‌లెట్లు ఎదురెదురుగా నిలబడి ఒకదాని ధారను ఇంకోటి చంపేస్తుంటాయి. అన్నిటినీ ఒకే దిక్కుగా, గోడ వెంట పోయేట్టు తిప్పండి. నీళ్ళు నెమ్మదిగా పూల్ చుట్టూ తిరుగుతాయి, తేలే చెత్త స్కిమ్మర్ నోటి ముందు నుంచి పోతుంది. ఒకటి రెండు ఇన్‌లెట్లను మాత్రం కాస్త కిందికి వంచండి, లోతు వైపువి అయితే మరీ మంచిది. స్కిమ్మర్ పక్కనే ఉన్న ఇన్‌లెట్ దాని నోట్లోకే ఊదుతుంటే శుభ్రమైన నీళ్ళు శుభ్రంగా మళ్ళీ ఫిల్టర్‌కు పోతాయి, మురికి నీళ్ళు చూస్తూ కూర్చుంటాయి.

మన తీరం వైపు బోరు నీళ్ళు గట్టివి. ఆ గోళీల చుట్టూ తెల్లటి సున్నం గట్టిపడి అవి తిరగనని మొండికేస్తాయి. స్కిమ్మర్ రెక్క కీలు కూడా అలాగే బిగుసుకుపోతుంది. అప్పుడప్పుడూ తీసి వెనిగర్‌లో నానబెట్టి తోమితే చాలు. ఆ నీళ్ళు తిరిగి పూల్‌లో పోయకండి.

నీళ్ళు నిజంగా తిరుగుతున్నాయో లేదో తెలుసుకోవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. గాలి లేని పొద్దుటిపూట, పంపు వేసి, గుప్పెడు ఎండు వేపాకులు పూల్ మధ్యలో చల్లండి. అవి ఎటు పోతున్నాయి, ఎక్కడ ఆగిపోతున్నాయి చూడండి. మెట్ల పక్కన, నిచ్చెన వెనక, మూలల్లో కొన్ని ఆగుతాయి. ఆగిన చోట్లే మీ పాచి చోట్లు. అడుగు సంగతి తెలియాలంటే ఇన్‌లెట్ దగ్గర కొంచెం ఫుడ్ కలర్ వదలండి. కాసేపటికి రంగు సమంగా పలచబడాలి. ఎక్కడికి రంగు చేరలేదో అక్కడికి మందు కూడా చేరదు. ఈ పరీక్షలు ఈదేవాళ్ళు లేనప్పుడు చేయండి, లేకపోతే పిల్లలు ఇళ్ళకెళ్ళి పూల్‌లో రంగు కలిపారని చెబుతారు.

పంపు రూములో స్కిమ్మర్ లైనుకు ఒక వాల్వు, మెయిన్ డ్రెయిన్ లైనుకు ఒక వాల్వు ఉండాలి. ఎన్ని పూల్స్‌లో ఏ వాల్వు దేనిదో ఎవరికీ తెలియదో చెబితే ఆశ్చర్యపోతారు. ఇవాళే వెళ్ళి పెయింటుతో రాయించండి. మామూలు రోజుల్లో ముప్పావు వంతు పై నుంచి, పావు వంతు అడుగు నుంచి అన్నది చాలామంది వాడే లెక్క. ఇది ఏడాది పొడవునా ఒకేలా ఉండాలని లేదు. ఎండలు ముదిరి పొరలు కట్టే రోజుల్లో, ఎక్కువ మోతాదులో మందు వేసినప్పుడు అడుగు వాల్వు ఇంకాస్త తెరవండి, సగం సగం అయినా ఫర్వాలేదు. ఆకులు రాలే రోజుల్లో, గాలిదుమ్ము రోజుల్లో, ఆదివారం నిండా జనం దిగిన తర్వాత స్కిమ్మర్లకు ఎక్కువ ఇవ్వండి. వాక్యూమ్ పెట్టేటప్పుడు మెయిన్ డ్రెయిన్ పూర్తిగా మూసేయండి, లేకపోతే గొట్టంలో లాగుడు ఉండదు.

గాలి మాట వచ్చింది కాబట్టి చెబుతాను. స్కిమ్మర్ ఎక్కడ పెట్టాలి అంటే, గాలి చెత్తని ఎటు తోస్తుందో అటు. మన దగ్గర గాలి ఒకే దిక్కు నుంచి రాదు, అదే చిక్కు. ఎండాకాలం పడమటి వడగాలి చెత్తని తూర్పు గోడకు చేరుస్తుంది. మధ్యాహ్నం దాటాక మైపాడు వైపు, కొత్తపట్నం వైపు సముద్రపు గాలి తిరిగి మొత్తాన్ని వెనక్కి తోస్తుంది. అక్టోబరు నుంచి ఈశాన్యం గాలి, చెత్తంతా నైరుతి మూలన. రెండు స్కిమ్మర్లుంటే రెండూ ఒకే గోడకు పెట్టకుండా, ఒకటి తూర్పు గోడకు, ఒకటి నైరుతి వైపు పెట్టుకుంటే ఏడాదంతా ఏదో ఒకటి పనిలో ఉంటుంది. వాస్తు ప్రకారం పూల్ ఈశాన్యంలో కడతారు. కట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. స్కిమ్మర్‌కు మాత్రం గాలి వాస్తు చూడండి.

నీటి మట్టం స్కిమ్మర్ నోటికి సరిగ్గా మధ్యలో ఉండాలి. ఎండాకాలం ఒక వారం నీళ్ళు కలపకపోతే మట్టం రెండంగుళాల దాకా దిగిపోతుంది. ఇంకా దిగితే స్కిమ్మర్ నీళ్ళతో పాటు గాలి కూడా మింగుతుంది, పంపు గుడగుడలాడుతుంది, ఇన్‌లెట్ల నుంచి బుడగలు వస్తాయి, చివరకు పంపు నీళ్ళు పట్టడం మానేస్తుంది. అలాగే వదిలేస్తే సీలు కాలిపోతుంది. దీనికి పూర్తి వ్యతిరేకం వానాకాలం. మన జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. 2021 నవంబరు వానలు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఒక్క రాత్రిలో 15 సెంటీమీటర్లు పడితే పూల్ మట్టం కూడా కనీసం అంత లేస్తుంది. స్కిమ్మర్ నోరు పూర్తిగా మునుగుతుంది, రెక్క ఉన్నా లేనట్టే. వాన వెలిశాక ముందు మల్టీపోర్టు వాల్వును, అంటే ఫిల్టర్ దగ్గర నీళ్ళ దారి మార్చే వాల్వును, వేస్ట్‌కు తిప్పి, మట్టం నోటి మధ్యకు వచ్చేదాకా అడుగు నీళ్ళు బయటికి పంపండి. ఆ తర్వాతే మందు. మట్టం సరిచేయకుండా మందు పోసి, మళ్ళీ ఆ మందు నీళ్ళనే బయటికి తోడేవాళ్ళు ఉన్నారు.

ఇదే కాలంలో ఇంకో ప్రమాదం. నవంబరులో పూల్ ఖాళీ చేసి టైల్స్ పని పెట్టుకోవద్దు. పెన్నా పక్కన, తీరం వైపు భూగర్భ జలం ఆ రోజుల్లో బాగా పైకి వస్తుంది. నీళ్ళు లేని పూల్‌ను కింద నుంచి ఆ జలం పైకి తోస్తుంది. నేల పగలొచ్చు, మొత్తం పూలే పైకి లేవొచ్చు. అందుకే చాలా చోట్ల మెయిన్ డ్రెయిన్ గుంట లోపల ఒక రిలీఫ్ వాల్వు పెడతారు. బయట ఒత్తిడి పెరిగితే అది తెరుచుకుని భూమిలోని నీళ్ళని లోపలికి రానిస్తుంది. అది మీ పూల్‌లో ఉందో లేదో, ఉంటే ఇసుక పట్టి మూసుకుపోయిందో తెలియకుండా ఖాళీ చేయకండి. మరమ్మతులకు ఫిబ్రవరి, మార్చి నెలలు మంచివి.

పంపు ఎన్ని గంటలు వేయాలి? మీటింగుల్లో గొడవ దీని మీదే కదా. పూల్ నీరంతా ఒక చుట్టు తిరిగితే మొత్తం శుభ్రపడినట్టే అని అందరూ అనుకుంటారు. కాదు. ఫిల్టర్ నుంచి వచ్చిన శుభ్రమైన నీళ్ళు మురికి నీళ్ళతో కలిసిపోతాయి, ఆ కలిసిన నీళ్ళే మళ్ళీ ఫిల్టర్‌కు పోతాయి. లెక్క ప్రకారం ఒక చుట్టులో సుమారు 63 శాతం నీరే ఫిల్టర్ చూస్తుంది. రెండు చుట్లకు 86, మూడుకు 95, నాలుగుకు 98. మన 86,400 లీటర్ల పూల్‌కు కరెంటు మిగులుతుందని 4 గంటలే పంపు వేస్తే ఆ రోజు సగం నీరు ఫిల్టర్ ముఖమే చూడదు. ఇదంతా నీళ్ళు బాగా కలిసే పూల్‌కు. మూలల్లో నిలిచిపోయే పూల్‌కు ఇంకా తక్కువ. స్పీడు మార్చుకునే పంపు కొనగలిగితే కొనండి. సగం వేగంతో నడిపితే కరెంటు దాదాపు ఎనిమిదో వంతే తీసుకుంటుంది, రెట్టింపు గంటలు నడిపినా నాలుగో వంతే ఖర్చు. కానీ సగం వేగంలో స్కిమ్మర్ రెక్క మీద నీళ్ళు సరిగా జారవు. అందుకని రోజుకు రెండు మూడు గంటలు, గాలి ఎక్కువున్న వేళల్లో, పూర్తి వేగంతో నడపాలి.

ఇప్పుడు చెప్పేది కాస్త జాగ్రత్తగా వినండి. మెయిన్ డ్రెయిన్ ప్రాణం తీయగలదు. 2002 జూన్‌లో అమెరికాలో వర్జీనియా గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ళ పాప హాట్ టబ్ అడుగున ఉన్న డ్రెయిన్‌కు అతుక్కుపోయింది. ఇద్దరు మగవాళ్ళు లాగితే గానీ రాలేదు, వాళ్ళు లాగిన బలానికి డ్రెయిన్ మూతే విరిగింది. పాప దక్కలేదు. ఆ పాప అక్కడి మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మనవరాలు. తల్లి పట్టుబట్టి తిరిగింది, 2007 డిసెంబరులో ఆ పాప పేరుతోనే చట్టం వచ్చింది, మరుసటి డిసెంబరు నుంచి అమలైంది. డ్రెయిన్ల మీద మనిషి అతుక్కోని మూతలు ఉండాలి, ఒకే డ్రెయిన్ ఉన్న చోట రెండో రక్షణ ఏదైనా ఉండాలి అన్నది అందులోని ముఖ్యమైన సంగతి. ఆ చట్టం మనకు వర్తించదు, నిజమే. నీళ్ళకూ పంపులకూ ఆ సంగతి తెలియదు.

బలం ఎంతో చూడండి. 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న బల్లపరుపు జాలీని ఒక వీపు పూర్తిగా కప్పేసిందనుకోండి. పంపు అక్కడ వాతావరణ పీడనంలో సగం మేర శూన్యం సృష్టించినా, ఆ వీపును పట్టి ఉంచే బలం 150 కిలోలకు పైనే. ఈ గదిలో ఎవరూ ఆ బరువును నీళ్ళలో నిలబడి లాగలేరు.

అందుకే రెండు డ్రెయిన్లు, కనీసం మూడడుగుల దూరంలో, ఒకే పైపుకు కలిపి ఉండాలి. ఒకటి మూసుకుపోతే ఇంకో దాని నుంచి నీళ్ళు వస్తాయి, లాగుడు పెరగదు. మూత గుమ్మటంలా ఉబ్బెత్తుగా ఉండాలి. జాలీ రంధ్రాల్లో నీటి వేగం సెకనుకు అర మీటరు లోపు ఉండాలి, అంటే పంపు పెద్దదైతే మూత కూడా పెద్దది కావాలి. ఒకటిన్నర హెచ్‌పీ పంపు తీసి మూడు హెచ్‌పీ బిగించినవాళ్ళు కింద మూత సంగతి ఎప్పుడైనా ఆలోచించారా? మంచి మూతల మీద ఎన్ని లీటర్ల దాకా పనికొస్తుందో, ఎన్నేళ్ళకు మార్చాలో అచ్చు వేసి ఉంటుంది. క్లోరిన్‌కూ ఎండకూ ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. ఒక్క స్క్రూ ఊడినా, ఒక్క పుల్ల విరిగినా ఆ రోజు పూల్ మూసేయండి, ఎవరు ఏమన్నా సరే.

మన ఇళ్ళ సంగతులు కొన్ని దీనికి కలుస్తాయి. ఆడపిల్లల పొడవాటి జడలు. వెంట్రుకలు జాలీలోకి పోయి లోపలి సుడికి ముడిపడితే పంపు ఆపినా ఊడి రావు, అందుకే టోపీ తప్పనిసరి చేయండి. పిల్లల మొలతాళ్ళు, కాళ్ళ పట్టీలు విరిగిన జాలీకి ఇరుక్కుంటాయి. దిగే ముందు తీయించండి, అమ్మమ్మలు ఒప్పుకోకపోతే నా పేరు చెప్పండి. గోడలో వాక్యూమ్ గొట్టం తగిలించే రంధ్రానికి స్ప్రింగు మూత ఉండాలి, ఆ వాల్వు ఎప్పుడూ మూసే ఉండాలి. అది పిల్లల పొట్ట ఎత్తులో ఉంటుంది.

ఇందాక స్కిమ్మర్ బుట్ట గురించి చెప్పిన దానికి దీనికీ సంబంధం ఉంది. బుట్ట ఆకులతో నిండిపోతే స్కిమ్మర్ నీళ్ళు ఇవ్వదు. పంపు మాత్రం అడుగుతూనే ఉంటుంది. ఆ లాగుడంతా మెయిన్ డ్రెయిన్ మీదకు పోతుంది. బుట్ట ఖాళీ చేయడం పిల్లల ప్రాణానికి సంబంధించిన పని కూడా అని మీ ఆపరేటర్‌కు చెప్పండి. గాలి రోజుల్లో రోజుకు రెండుసార్లు.

ఎవరైనా అతుక్కుంటే ముందు లాగడం మొదలుపెట్టకండి. ఒకరు పరిగెత్తి పంపు ఆపాలి. పంపు రూముకు తాళం వేసి, తాళంచెవి ఎక్కడో సెల్లార్‌లో ఉంచే అపార్ట్‌మెంట్లున్నాయి. పూల్ పక్కనే, అందరికీ కనపడేట్టు, ఎర్రటి స్టాప్ బటన్ పెట్టించండి. పంపు ఆగాక నిటారుగా లాగకుండా, అంచు కింద వేళ్ళు దూర్చి పక్కకు దొర్లించినట్టు విడదీయాలి.

ఓవర్‌ఫ్లో పూల్స్ ఉన్నవాళ్ళకు రెండు ముక్కలు. మీకు స్కిమ్మర్ లేదు, నాలుగు అంచులూ స్కిమ్మరే. పొర్లిన నీళ్ళు ఛానల్ ద్వారా బ్యాలెన్సింగ్ ట్యాంకుకు పోతాయి. ట్యాంకులో నీళ్ళు తగ్గితే అంచు మీద పొర్లడం ఆగుతుంది, అక్కడితో పై పొర శుభ్రం కావడం కూడా ఆగుతుంది. అంచు మట్టం ఒక వైపు వంగి ఉంటే ఆ వైపే పొర్లుతుంది, మిగతా మూడు వైపులూ అలంకారం. మెయిన్ డ్రెయిన్ జాగ్రత్తలన్నీ మీకూ వర్తిస్తాయి.

ఇక అడగండి.

(ఒక అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి: మా పూల్‌లో ఒకటే మెయిన్ డ్రెయిన్ ఉంది సార్. నేల పగలగొట్టి రెండోది పెట్టించాలా?)

పగలగొట్టాల్సిన పని లేకపోవచ్చమ్మా. ముందు మీ పంపు నిమిషానికి ఎంత తోడుతుందో చూసి, దానికి సరిపడే పెద్ద గుమ్మటం మూత వేయించండి. లాగుడు ఒక్కసారిగా పెరిగితే పంపును ఆపేసే పరికరాలు ఉన్నాయి, అదొకటి పెట్టించండి. ఇవి కుదరకపోతే, మీ స్కిమ్మర్లు పంపు అడిగినంత నీళ్ళు ఇవ్వగలిగితే, మెయిన్ డ్రెయిన్ వాల్వు మూసేసి, హ్యాండిల్ తీసేసి, ఇన్‌లెట్లు రెండు మూడు బాగా కిందికి వంచి నడపొచ్చు. అడుగు నీళ్ళని లాగకపోయినా తోసి కదిలిస్తాం అన్నమాట. బ్రష్ కాస్త ఎక్కువ కొట్టాలి. లైను మూసినా గుంటలో రిలీఫ్ వాల్వు ఉంటే అది దాని పని అది చేస్తుంది, దాన్ని మాత్రం సిమెంటుతో పూడ్చకండి.

(ఒంగోలు నుంచి వచ్చిన ఒక స్కూల్ పూల్ ఆపరేటర్: పొద్దున్నే పంపు వేయగానే గాలి పడుతోంది సార్. పదిన్నర దాటాక సర్దుకుంటుంది. ప్లంబర్ పైపు లీకు అంటున్నాడు.)

మీరు నీళ్ళు ఎప్పుడు కలుపుతారన్నా? పది గంటలకా? అయితే ముందు నీటి మట్టం అనుమానించండి, తర్వాత పైపు. రాత్రంతా దిగిన మట్టంతో పొద్దున పంపు వేస్తున్నారు, పదికి నీళ్ళు కలిపాక సర్దుకుంటోంది. రేపు పంపు వేయకముందే మట్టం నోటి మధ్యకు తెచ్చి చూడండి. అప్పటికీ గాలి పడితే రెక్క పైకి బిగుసుకుని నోరు మూస్తోందేమో, పంపు బుట్ట మూత కింది రబ్బరు రింగు ఎండిపోయిందేమో చూడండి. స్కిమ్మర్ వాల్వు కాసేపు మూసి మెయిన్ డ్రెయిన్ మీద మాత్రమే నడపండి, పూల్‌లో ఎవరూ లేనప్పుడు. అప్పుడు గాలి ఆగితే తప్పు స్కిమ్మర్ వైపు ఉన్నట్టు. ఆగకపోతే పంపు దగ్గరే ఉంది. ఇవన్నీ అయ్యాకే నేల తవ్వమనండి.

(ఒక బిల్డర్: కొత్త పూల్ కడుతున్నాం. ఇప్పుడే చూసుకోవాల్సినవి ఏమిటి?)

రెండు మెయిన్ డ్రెయిన్లు, దూరంగా. ప్రతి స్కిమ్మర్‌కూ పంపు రూము దాకా విడిగా పైపు, విడిగా వాల్వు. ఇప్పుడు పైపు ఖర్చు మిగుల్చుకోవాలని నేలలోనే టీ జాయింటు వేసి రెండు పైపులూ కలిపేస్తే, పంపుకు దగ్గరున్న స్కిమ్మర్ అంతా తాగేస్తుంది, దూరంగా ఉన్నది పస్తుంటుంది, తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. ప్రతి 25 నుంచి 45 చదరపు మీటర్ల నీటి వైశాల్యానికి ఒక స్కిమ్మర్ లెక్క వేసుకోండి. మన గాలి దుమ్ముకు తక్కువ అంకె వైపే ఉండటం మేలు. మెట్ల కింద, మూలల వైపు కూడా ఇన్‌లెట్ పెట్టండి. కాంక్రీటు పోసే ముందు పైపులన్నిటికీ నీళ్ళ ప్రెషర్ పెట్టి ఒక రాత్రంతా ఉంచి, గేజి ముల్లు దిగిందో లేదో పొద్దున చూడండి. పైపులు ఎటు నుంచి ఎటు పోయాయో ఫోటోలు తీసి, టేపు పట్టి కొలతలు రాసి, ఆ కాగితం సంఘానికి ఇవ్వండి. మీరు ఇల్లు అప్పగించి వెళ్ళిపోతారు, ఆ కాగితం కోసం వాళ్ళు నాకు ఫోన్ చేస్తారు.